గంట పనికి ఉపాధి ముద్ర

వారం రోజుల్లో ఒక్క గంట పని దొరికినా సరే, కేంద్రం జరిపే శ్రామిక శక్తి సర్వే 'ప్రస్తుత వారపు స్థితి' లెక్కలో ఆ మనిషికి ఉపాధి ఉన్నట్టే. 2025 జనవరి నుంచి ఈ సర్వే నమూనాకు జిల్లానే ప్రాతిపదిక చేశారు. మంచిదే. కానీ ఆ గంట కొలతతో రాజన్న సిరిసిల్ల జిల్లాను కొలిస్తే పనిలేనివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే తేలతారు. మరమగ్గం ఆగిన ఆసామి స్వయం ఉపాధి కింద, అతని మగ్గాలకు కండెలు చుట్టిపెట్టే భార్య జీతంలేని ఇంటి సహాయకురాలి కింద ఉపాధి ఖాతాలోకే వెళ్తారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు అసలు ఆ ఇంటి లెక్కలోకే రాడు.

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పని ఎలా తరుగుతుందో తెలిస్తే ఈ లెక్క లోపం అర్థమవుతుంది. బయటి రాష్ట్రాల నుంచి పాలిస్టర్ నూలు దిగాలి. వార్పింగ్‌లో పడుగు (నిలువు పోగులు) బీములనే పెద్ద కడ్డీలకెక్కాలి. వైపని కార్మికులు అయిపోయిన బీము పోగుకు కొత్త బీము పోగును ఒక్కొక్కటిగా అతకాలి. ఆ తర్వాతే నేత. ఆర్డర్ ఆగితే మొదట ఖాళీ అయ్యేది వార్పింగ్ షెడ్డు. మగ్గం మీదున్న బీము అయ్యేదాకా నేత కార్మికుడికి పని ఉంటుంది, కాబట్టి మగ్గాల చప్పుడు ఆగేసరికే ఆలస్యమైపోతుంది. ఆర్డర్ మళ్లీ వచ్చినప్పుడు మాత్రం కూలి చివరగా అందేది అతనికే. అదీ పిక్కుల (అడ్డపోగుల) లెక్కన, నేసినంతకే.

2017లో మొదలైన బతుకమ్మ చీరలు ఏటా కొన్ని నెలలు ఈ సాంచాలను ఆడించాయి. 2024లో అవి ఆగాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చింది. పేరు ఏదైతేనేం, కొనుగోలుదారు ప్రభుత్వం ఒక్కటే, గడువూ ఒక్కటే. మిగతా నెలల్లో లంగా గుడ్డ, లైనింగ్ గుడ్డ, ఎన్నికలొస్తే పార్టీ జెండాలు. (అన్ని పార్టీల జెండాలూ ఈ సాంచాల మీదే నేస్తారు, ఉపాధి హామీలు కూడా ఆ జెండాల కిందే వినిపిస్తాయి.)

ఈ జిల్లా ఆడవాళ్లు చుట్టే బీడీల సంగతి మరీ లోతు. కూలి వెయ్యి బీడీల లెక్కన. కంపెనీ నెలలో ఎన్ని రోజులు ఆకు, తంబాకు ఇస్తే అన్ని రోజులే పని. ఇచ్చిన ఆకు వెయ్యికి సరిపోకపోతే తరుగు కొనుక్కునేది చుట్టే మనిషే. సరిగా లేవని తీసేసిన బీడీలకు కూలి రాదు. అయినా నెలలో ఏడు రోజులు చుట్టిన మహిళా, ఇరవై రోజులు చుట్టిన మహిళా ఆ వారపు స్థితి లెక్కలో ఒకటే.

మధ్యమానేరు జలాశయం నిండాక వరి పెరిగింది. అయితే నాట్లకు బిహార్ నుంచి వచ్చే ముఠాలు ఎకరా గుత్తకు దిగుతున్నాయి, కోత హార్వెస్టర్‌ది. స్థానికులు పనికి ఒళ్లు వంచరనే మాట తేలిగ్గా అనేస్తారు. రెండు మూడు వారాల నాట్ల కోసం ఏడాదంతా ఆధారమైన బీడీల లెక్క ఎవరు వదులుకుంటారు?

పని రోజులు లెక్కగట్టడానికి కొత్త సర్వే అక్కర్లేదు. బీడీ కంపెనీలు నెలనెలా దాఖలు చేసే పీఎఫ్ పత్రంలో వేతనం లేని రోజుల గడి ఉంటుంది. సాంచాల షెడ్లకు కరెంటిచ్చేది సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం, సెస్. ఏ షెడ్డు ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాల్చిందో వారి బిల్లు రికార్డులోనే ఉంది. పేర్లు తీసేసి, వార్డులవారీగా ఆ మొత్తాలను కలెక్టరేట్ ప్రతి నెలా బయటపెట్టాలి. వచ్చే ఆర్డర్ నూలు ఏ నెలలో దింపాలో ఆ పట్టికే చెబుతుంది.