సాక్ష్యం పూర్తిగా చెప్పనివ్వండి

పోయిన డిసెంబరులో చెన్నైలో మన తెలుగు క్రైస్తవులం పండుగకు ముందే జరుపుకున్న సెమీ క్రిస్మస్‌కు వచ్చినవాళ్లకు ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. కేక్ కోయడం, సండే స్కూల్ పిల్లల డ్రామా అయ్యాక, దేవుడు తమ జీవితంలో చేసింది లేచి చెప్పుకునే సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకరికి ప్రమోషన్, ఒకరి అబ్బాయికి వీసా, ఇంకొకరికి పెరుంగుడిలో ఫ్లాట్. అందరం చప్పట్లు కొట్టాం. ఆఖరున పులియాంతోపు నుంచి వచ్చిన ఒక అక్క లేచింది. కార్పొరేషన్ కాంట్రాక్టు పనిలో వీధులు ఊడుస్తుంది. "మా ఆయన సెప్టెంబరులో పోయాడు" అని మొదలుపెట్టిందో లేదో, టైమ్ అయిపోయిందమ్మా అంటూ మైకు తీసేసుకున్నారు. ఆ వెంటనే స్పాన్సర్లకు శాలువాలు కప్పే కార్యక్రమం చాలాసేపు జరిగింది.

నాకు అన్నం సయించలేదు. భోజనాల దగ్గర ఆమెను వెతికి పట్టుకుని, మిగతా సాక్ష్యం చెప్పక్కా అని అడిగాను.

"ఆయన పోయినాక కూడా నేను చర్చికి పోతానే ఉన్నానన్నా. కానీ నోటికి పాట రాలేదు. కూర్చోని లేచి వచ్చేదాన్ని. దేవుడి మీద కోపం కూడా లేదు, ఏమీ లేదు. ఈ ఏడు ఇంటికి స్టార్ కట్టలేదు. మొన్న రాత్రి కేరల్స్ వాళ్లొచ్చారు. లైటు లేదు గదా, దాటిపోతారులే అనుకున్నా. పోలేదు. పిల్లోళ్లు తలుపు కొట్టి, వాళ్ల చేతిలో ఉన్న స్టార్ మా గుమ్మానికి తగిలించి పాడారు. రెండో చరణానికి నేనూ పాడతా ఉన్నా. నా బలం కాదన్నా అది. దేవుడే పాడించాడు. తెల్లారి డ్యూటీకి కూడా పాడుకుంటానే పోయా."

అమ్మ పోయినప్పటి నుంచి నా పరిస్థితీ అదే. ఇంట్లో కుటుంబ ప్రార్థన మానలేదు, కానుక వేయడం మానలేదు, లోపల మాత్రం ఎండిపోయి ఉన్నాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి యెషయా తొమ్మిదో అధ్యాయం తీశాను. ప్రతి క్రిస్మస్‌కూ వినే వాక్యమే. "బలవంతుడైన దేవుడు" అన్న పేరు ప్రవక్త పెట్టింది పుట్టిన శిశువుకు! మరియతో దూత "సర్వోన్నతుని శక్తి నిన్ను కమ్ముకొనును" అన్నాడు. ఆ శక్తి కమ్ముకున్న అమ్మాయికి సత్రంలో చోటు దొరకలేదు. హేరోదు చంపుతాడని బిడ్డను ఎత్తుకుని ఐగుప్తుకు పారిపోవలసి వచ్చింది. దేవుని శక్తి వాళ్ల కష్టాన్ని తప్పించలేదు, వాళ్లను విడిచీ పోలేదు. ఆ అక్క చెప్పింది సరిగ్గా ఇదే. చాలా కాలం తర్వాత ఆ రాత్రి నేను మనసారా ప్రార్థన చేశాను.

మైలాపూరు, ట్రిప్లికేన్ మీదుగా ఎంఆర్‌టీఎస్ రైల్లో పోతుంటే కింద బకింగ్‌హామ్ కాలువ కనిపిస్తుంది. ఇప్పుడంటే మురుగు పారుతోంది గానీ, 1876-78 నాటి ధాత కరువులో ఆ కాలువ పని ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మన పేదలకు కూలి ఇప్పించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువులో అయినవాళ్లను పోగొట్టుకుని కూడా దేవుడు ఉన్నాడని నీళ్లలోకి దిగిన మనుషులు వాళ్లు. మనలో చాలామంది విశ్వాసం ఆ ఒడ్డు నుంచి వచ్చిందే.

ఫ్లాట్ కొన్నవాళ్లు దేవునికి స్తోత్రం చెప్పడం తప్పని నేను అనను. చెన్నైలో అద్దె ఇళ్ల బాధ నాకూ తెలుసు. స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె కట్టలేమన్నదీ నిజమే. కానీ దొరికినవాటినే దేవుని శక్తి అని వేదిక మీద చెప్పుకుంటూ పోతే, ఏమీ దొరకనివాళ్లు ఏమనుకోవాలి? తమను దేవుడు మరచిపోయాడనుకోరా? ఒంగోలు పక్కన మా ఊరి చర్చిలో సాక్ష్యానికి టైమ్ ఉండేది కాదు. ముసలమ్మలు ఏడుస్తూ, పాడుతూ అరగంట చెప్పినా పాస్టరు అయ్యగారు కూర్చుని వినేవారు. పిల్లలం నిద్రపోయేవాళ్లం, ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు.

కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఈసారి సాక్ష్యాలు ముందు పెట్టండి, సన్మానాలు చివరికి జరపండి. ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లను ముందుగా పిలవండి. వీలైతే కార్యక్రమం అన్నానగర్ హాల్లో కాకుండా పులియాంతోపులోనో వ్యాసర్పాడిలోనో, మన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న చోట పెట్టండి. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లేవాళ్లు కాబట్టి సాయంత్రం ఐదింటికే మొదలుపెడితే మంచిది. అక్కడి పాస్టర్లతో మాట్లాడటానికి, కుర్చీలు, భోజనాలు చూసుకోవడానికి మా ఇంట్లోవాళ్లం అందరం వస్తాం.