కొమ్మల్లేని చెట్టుకు ఎన్ని శాఖలు!

అంబాజీపేట పక్కన మా మావయ్యకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్తే ఆయన అరుగు మీద కూర్చుని కాయల ఒలుపు చూసుకుంటున్నారు. ఒలుపు మనిషి కాయను గునపం మీద గుచ్చి, అటో తిప్పు ఇటో తిప్పు తిప్పి, మూడో తిప్పుకు డొక్క ఊడబెరికి పక్కకు విసిరేస్తున్నాడు. మావయ్య దిగులు మావయ్యది. చెట్లకు తెల్లదోమ పట్టి కింది ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. డొక్క కొనేవాడు నెల రోజులుగా ఇటు తొంగి చూడలేదు.

“ఒరేయ్, నువ్వు పేపర్లకి రాస్తుంటావు గదా. ఢిల్లీకో ఉత్తరం పడేద్దామనుకుంటున్నాను. ఏ మంత్రికి రాయాలో చెప్పు” అన్నారు.

“కొబ్బరి పంటే కదా మావయ్యా, వ్యవసాయ మంత్రికి” అనేశాను. భారత ప్రభుత్వాన్ని తక్కువ అంచనా వేసి అన్న మాట అది. ఇంటికొచ్చి కాస్త చదివాక సిగ్గేసింది.

కాయ చెట్టు మీద ఉన్నంతసేపే వ్యవసాయ శాఖది. ఆ శాఖ కింద 1981 నుంచి కొచ్చిలో కొబ్బరి అభివృద్ధి బోర్డు ఉంది. కాయను గునపానికి గుచ్చామా, కథ మారిపోతుంది. డొక్కలోని పీచు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖది. దానికి 1953 నాటి చట్టంతో పుట్టిన కాయర్ బోర్డు ఉంది, అదీ కొచ్చిలోనే. అంటే కూలికి వచ్చిన ఆ ఒలుపు మనిషి మూడంటే మూడు తిప్పుల్లో ఒక మంత్రిత్వశాఖను ఇంకో మంత్రిత్వశాఖ నుంచి వేరు చేసి అవతల పారేస్తున్నాడు. అదే పని ఢిల్లీలో చేయాలంటే రాష్ట్రపతి పేరు మీద నోటిఫికేషన్ కావాలి.

అక్కడితో అయిపోలేదు. కొబ్బరి నీళ్లు ప్యాకెట్లో పోస్తే ఆహార శుద్ధి పరిశ్రమల శాఖ వస్తుంది. ఆ నీళ్లు తాగితే ఏమీ కాదని చెప్పే ముద్ర ఆరోగ్య శాఖ కింది సంస్థది. ప్యాకెట్ మీద రాసినన్ని మిల్లీలీటర్లు లోపల ఉన్నాయా లేదా అన్నది వినియోగదారుల వ్యవహారాల శాఖ చూసుకోవాలి. ఎండు కొబ్బరి చేస్తే మద్దతు ధర ఎంతో వ్యవసాయ శాఖ కమిషన్ సూచిస్తుంది, కేబినెట్ కమిటీ ఖాయం చేస్తుంది. నూనె ఆడితే వంట నూనెల సంగతి ఆహార, ప్రజాపంపిణీ విభాగానిది. ఆ నూనె ధరను నేలకు దించే పామాయిల్ దిగుమతి మీద సుంకం ఆర్థిక శాఖది. పై దేశానికి పంపితే వాణిజ్య శాఖ. ఎక్కడికీ పంపకుండా ఊరికే లారీ ఎక్కించి 216 నంబరు జాతీయ రహదారి మీదికి తెచ్చినా అక్కడ గడ్కరీ గారు ఉంటారు.

ఇదంతా ఫోన్లో చదివి వినిపిస్తే మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కొబ్బరి చెట్టుకి కొమ్మే ఉండదు గదరా, దానికి ఇన్ని శాఖలెక్కడ మొలిచాయి?” అన్నారు.

ఇందులో కొంత వెటకారం ఉంది. పరిపాలన అంటే భక్తి ఉన్నవాణ్ణి కాబట్టి నాకది రుచించలేదు. కొబ్బరికి ఒక్కదానికే ఈ మర్యాద జరుగుతోందా? పత్తి చేలో ఉన్నప్పుడు వ్యవసాయ శాఖది, కొనే పత్తి సంస్థ జౌళి శాఖది. ఆదిలాబాద్ రైతు ఒక మంత్రి కింద పండించి ఇంకో మంత్రికి అమ్ముకుంటాడు. పొగాకు మరీ పెట్టి పుట్టింది. గుంటూరులో ఉన్న బోర్డు వాణిజ్య శాఖది, అది నాలుగు ఆకులు ఎక్కువ అమ్ముడుపోవాలని చూస్తుంది. ఆరోగ్య శాఖ పెట్టె మీద పుండు పడ్డ నోరు బొమ్మ వేయించి కొనొద్దని చెబుతుంది. ఆర్థిక శాఖ ఇద్దరికీ దణ్ణం పెట్టి పన్ను వసూలు చేసుకుంటుంది. ముగ్గురు కోడళ్లు ఒకే వంటింట్లో ఇంత సామరస్యంగా మసలడం ఇంకెక్కడా చూడం.

ఇది ఎవరో ఒక్కరోజులో కూర్చుని చేసిన ఏర్పాటు కాదు. 1859కి ముందు గవర్నర్ జనరల్ కౌన్సిల్లో సభ్యులంతా కలిసి అన్ని ఫైళ్లూ చూసేవారు. ఆ ఏడాది వైస్రాయ్ కానింగ్ దొర ఒక్కొక్కరికి కొన్ని విభాగాలు పంచాడు, 1861 చట్టం దానికి ముద్ర వేసింది. 1871లో వైస్రాయ్ మేయో హయాంలో రెవెన్యూ, వ్యవసాయం, వాణిజ్యం మూడూ కలిపి ఒకే విభాగం పెట్టారు. మా మావయ్య ముత్తాత ఎవరైనా అప్పుడు అర్జీ పెట్టుకుని ఉంటే కాయ, పీచు, నూనె, సుంకం అన్నీ ఒకే బల్ల మీదికి వెళ్లేవి. వెళ్లి ఏమయ్యేదో చెప్పలేం లెండి. 1876-78 కరవులో దక్షిణాది జనం పిట్టల్లా రాలిపోయారు, 1879లో దొరలు ఆ విభాగాన్నే ఎత్తేసి హోం శాఖలో కలిపేశారు. కరవు కమిషన్ వచ్చి, వ్యవసాయానికి ఓ శాఖ ఉంటే బాగుంటుందని చెప్పాక 1881లో మళ్లీ తెరిచారు. బోర్డు దించడం, మళ్లీ ఎక్కించడం అన్న సంప్రదాయం మనకు అప్పటి నుంచీ ఉంది.

1947లో మొదటి మంత్రివర్గం ఓ పదిహేను మందికి అటూ ఇటూగా సరిపోయింది. అందులో పటేల్ గారి సంస్థానాల శాఖ ఒక వింత. అయిదు వందల అరవై చిల్లర సంస్థానాలను కలిపే పని దానిది, మన హైదరాబాద్ సహా. పని అయిపోయింది, 1955లో శాఖను హోంలో కలిపేశారు. పని అయిపోయిందని ఒక శాఖ తలుపులు మూయడం ఇంకెక్కడైనా జరిగిందా అని చాలా వెతికాను. పని మొదలవకుండానే మూసినవి మాత్రం తగిలాయి.

ఎవరి పని ఏదో తేల్చే మూల గ్రంథం వేరే ఉంది. రాజ్యాంగం 77వ అధికరణం కింద 1961 జనవరి 14న, మన ఆడవాళ్లు సంక్రాంతి ముగ్గులు వేస్తున్న వేళ, ఢిల్లీలో పని కేటాయింపు నియమాలు అనే పెద్ద ముగ్గు వేశారు. ఏ చుక్క ఏ శాఖదో అందులో ఉంటుంది. మన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. ఆ ముగ్గును ఇప్పటికి మూడు వందల సార్లకు పైగా సవరించారు, ఇంకా చుక్కలు పెడుతూనే ఉన్నారు.

సవరణల్లో తేలికైనది పేరు మార్చడం. 1985లో రాజీవ్ గాంధీ విద్యా శాఖను మానవ వనరుల అభివృద్ధి శాఖ చేశారు, తొలి మంత్రి మన పీవీ గారు. బొగ్గు, ఇనుము, మాంగనీసులాగే మనిషీ ఒక వనరు అని దేశానికి అప్పుడు తెలిసింది. 2020 జులైలో మళ్లీ విద్యా శాఖ అన్నారు. 1985లో ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు ఈలోగా తన పిల్లల్ని ఇంజనీరింగ్‌లో చేర్పించే వయసుకొచ్చాడు. వాడు మధ్యలో వనరుగా మారి మళ్లీ విద్యార్థి అయిన సంగతి వాడికి తెలుసో లేదో.

తర్వాత వాటాల పంపకం. రోడ్లు, ఓడలు 2000లో విడిపోయాయి, 2004లో కలిశాయి, 2009లో మళ్లీ వేరు కాపురం పెట్టాయి. పట్టణాభివృద్ధీ, పట్టణ పేదరికమూ అంతే: 2000లో కలిపారు, 2004లో విడగొట్టారు, 2017లో మళ్లీ కలిపారు. ఉమ్మడి ఇళ్లలో మనం చూసేదే ఇది. అన్నదమ్ములు నడిమిట్ల గోడ కడతారు, కొన్నాళ్లకు కూలుస్తారు. మేస్త్రీకి రెండుసార్లూ కూలి గిట్టుతుంది. ఈ రెండు పట్టణ శాఖలూ విడిగా ఉన్న 2014-17 రోజుల్లో రెండింటికీ మంత్రి వెంకయ్యనాయుడు గారే. ఒక శాఖ ఇంకో శాఖకు అభ్యంతరం చెప్పాలంటే ఆయన ఆయనకే లేఖ రాసుకోవాలి. ఆయన ప్రాసలతో అది చదవడానికి బాగుండేది.

వాజ్‌పేయి కాలంలో ప్రభుత్వ సంస్థలను అమ్మడానికే ఒక శాఖ పెట్టారు. 1999లో విభాగంగా మొదలై 2001లో పూర్తి మంత్రిత్వశాఖ అయింది. 2004లో దాన్ని మళ్లీ ఆర్థిక శాఖలో ఒక విభాగం చేశారు. 2016లో పేరు మార్చితే ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు కలిసి దీపం అని వచ్చింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత తెలిసిన తెలుగు అధికారి ఎవరో ఆ గదిలో ఉండి ఉంటారని నా అనుమానం. ప్రవాసులకని 2004లో పెట్టిన శాఖ కూడా పన్నెండేళ్లు తిరగకుండానే 2016లో విదేశాంగ శాఖకు వలస వెళ్లి అక్కడే స్థిరపడింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం కుక్క ప్రయాణం. జంతు సంక్షేమం ఎవరు చూడాలన్నది పెద్ద సిద్ధాంత చర్చ అవుతుందని మీరు అనుకోవచ్చు. కాలేదు. మేనకా గాంధీ గారు సామాజిక న్యాయ శాఖలో ఉన్నప్పుడు జంతువులు సామాజిక న్యాయంలో ఉన్నాయి. 2001లో ఆవిడ సంస్కృతి శాఖకు మారితే సంస్కృతిలోకి నడిచాయి. అదే ఏడాది ఆవిడ గణాంకాల శాఖకు వెళ్తే అక్కడికీ వెంట వెళ్లి, జాతీయాదాయం లెక్కల పక్కన తోక ముడుచుకుని కూర్చున్నాయి. 2002 జులైలో పర్యావరణ శాఖ చేరదీసింది. కుక్క యజమాని వెంట పడటం లోకంలో ఉన్నదే. ఫైలు కూడా అంత విశ్వాసంగా ఉండగలదని అప్పుడే రుజువైంది. ఇప్పుడు జంతు సంక్షేమ బోర్డు మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల శాఖలో ఉంది. అంటే కోడికి మేత గురించి ఆలోచించేదీ, కోడి మాంసం ఉత్పత్తి పెంచేదీ, కోడి మీద జాలి పడేదీ ఒకే మంత్రి.

విషయం మనిషి వెంట వెళ్తుందని తెలిశాక, అసలు విషయమే లేకుండా మనిషి ఉండగలడా అన్న సందేహం వస్తుంది. ఉండగలడు. 1950లో రాజాజీ, 1964లో శాస్త్రి గారు శాఖ లేని మంత్రులుగా ఉన్నవారే. 2004 మేలో కేసీఆర్ గారికి నౌకాయాన శాఖ ఇచ్చారు. తెలంగాణకు సముద్రం లేదన్నది ఢిల్లీకి అడ్డంకి కాలేదు. అడ్డంకి చెన్నై నుంచి వచ్చింది. ఓడలు తమకు కావాలని డీఎంకే పట్టుబడితే ఆయన వదిలేసి, నవంబరులో కార్మిక శాఖ వచ్చేదాకా శాఖ లేని మంత్రిగా ఉన్నారు. నిజానికి పెండింగ్ ఫైళ్లు ఒక్కటీ లేని మంత్రి కావాలని మనమంతా కోరుకుంటాం కదా. దొరికినప్పుడు పట్టించుకోం.

ఇలా ఎంతమందిని పెట్టుకోవచ్చు? 2003లో చేసిన 91వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ సంఖ్యలో 15 శాతం మించొద్దంది. 543లో 15 శాతం అంటే 81. అంతకుముందు హద్దు లేదు, మన ఓపికే హద్దు. 2024 జూన్‌లో ప్రధానితో కలిపి 72 మంది ప్రమాణం చేశారు. పొదుపుగా తొమ్మిది కుర్చీలు అట్టే పెట్టారు.

ముక్కలు చేసిన కాయను మళ్లీ కాయ చేయడానికి మంత్రుల బృందాలు ఉండేవి. తేలని విషయాన్ని నలుగురు మంత్రులకు అప్పజెబితే నలుగురూ కలిసి తేల్చకుండా ఉంచేవారు. 2014 మే 31న మోదీ గారు అలాంటివి ముప్పై ఉంటే, అన్నిటినీ ఒకే దెబ్బకు రద్దు చేశారు. ఆ విషయాలన్నీ ఇక సొంత శాఖలే చూసుకోవాలన్నారు. మావయ్య తెల్లదోమ, డొక్క రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి కాబట్టి దానికి సొంత శాఖ ఏదో తేలాలి.

అయినా రాశాం. ఒకే ఉత్తరం, అయిదు కవర్లు. నాలుగింటి జాడ లేదు. అయిదోదానికి ఒక కార్యాలయం నుంచి జవాబు వచ్చింది: తమ విజ్ఞప్తిని తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది. సంబంధిత శాఖ ఏదో అందులో లేదు. మావయ్య దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టాదారు పాస్‌పుస్తకం పక్కన దాచారు.

ఆయన్ని ఉత్సాహపరుద్దామని నూనె సంగతి చెప్పాను. చిన్న సీసాలో పోసిన స్వచ్ఛమైన కొబ్బరి నూనె వంటదా, తలదా అని కేసు నడిచింది. తలకు రాసుకునేదే, ఎక్కువ పన్ను కట్టాలని ఎక్సైజ్ వారి పట్టు. 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. 2024 డిసెంబరులో ముగ్గురు కూర్చుని, తలనూనె అని రాసి అమ్మితే తప్ప అది వంటనూనే అని తేల్చారు. ఇక ఆ తేడాతో పని పడుతుందనుకునేలోపు, 2025 సెప్టెంబరులో తలనూనె మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగి రెండూ ఒకటైపోయాయి.

లోపల జడ వేసుకుంటున్న అత్తయ్య దువ్వెన పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

“కొబ్బరి నూనెతో వంటేంట్రా? ఎవరన్నారు?”

“సుప్రీంకోర్టు, అత్తయ్యా.”

“వాళ్లింట్లో చేసుకోమను” అని సీసా తెచ్చి అరచేతిలో ఇంత నూనె వంచుకుంది.