మా అంకెలు మావే

కోవిడ్ వచ్చిన ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ రోగుల వివరాలు ఆసుపత్రులన్నీ ఒకేలా రాయాలని ఒక ఫారం తయారుచేసింది. రోగి చేరిన రోజుకు ఒక భాగం, వార్డులో ఉన్న రోజులకు ఒకటి, ఇంటికి వెళ్ళిన రోజుకో పైకి వెళ్ళిన రోజుకో మరొకటి. శ్రీకాకుళమైనా బ్రెజిల్‌లోని సావో పాలో అయినా అవే గళ్ళు. మన జిల్లా ఆత్మగౌరవం మీద ఇంత దాడి జరిగితే పెద్దలొక్కరూ నోరు మెదపకపోవడం విచారకరం.

వయసు గడినే చూడండి. "జిల్లా అయిన యేడు నాను పాకుతుండీదాన్నట బాబూ" అంటుంది ముసలమ్మ. 1950 అని తెలిసినవాడు లెక్క కట్టుకుంటాడు, తెలియనివాడు 60 అని వేసేస్తాడు. జ్వరం ఎప్పట్నుంచి అంటే "సిరిమాను ముందు మంగళారం." సిరిమాను అంటే దసరా వెళ్ళాక వచ్చే విజయనగరం పైడితల్లి పండగ. దాన్ని పట్టుకొచ్చి 12/10 అని రాస్తే మనకి అక్టోబర్, అమెరికా వాడికి డిసెంబర్. వాడి లెక్కలో మనవాళ్ళు కొందరు జ్వరం రాకముందే డిశ్చార్జి అయిపోతారు. ఇంత వైద్యం ఇంకెక్కడుంది?

ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్పీ సంగతీ అంతే. ఏడు రోడ్ల జంక్షన్లో ఒక ల్యాబు 60 అంటుంది, రోడ్డు దాటితే ఇంకోటి 6 అంటుంది. ఒకరు లీటరుకి, ఒకరు డెసిలీటరుకి కొలిచారు, రక్తం అదే. యూనిట్ రాయకపోతే రోడ్డు దాటడమే మందు.

ఇక రక్తంలో ఆక్సిజన్ శాతం. అద్దం లోపల పీపీఈ కిట్‌లో చెమటతో తడిసిన సిస్టర్ "తొంభై నాలుగు" అని అరుస్తుంది, బయటి సిస్టర్ 94 అని రాసుకుంటుంది. మామూలు గాలి పీలుస్తూ 94 ఉన్నాయన బట్టలు సర్దుకుంటున్నాడు. మాస్కు పెట్టి నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ వదిలితే 94 ఉన్నాయనకి ఐసీయూలో మంచం వెతుకుతున్నారు. కేస్ షీట్లో మాత్రం ఇద్దరూ సమానులే. రాజ్యాంగం కూడా ఇంత సమానత్వం తేలేకపోయింది.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో దశాబ్దాలుగా తేలలేదు. ఆ జబ్బున్న కవిటి, సోంపేట వాళ్ళని కోవిడ్ ఏం చేసిందో తేలకుండా ఉంచాలంటే ఒకటే దారి: కిడ్నీ గడి ఖాళీగా వదలడం. ఖాళీ అంటే జబ్బు లేదనా, ఎవరూ అడగలేదనా? చదివేవాడి అదృష్టం.

బ్రిటన్‌లో కోవిడ్‌కి ఏ మందు పనిచేస్తుందో పరీక్షించిన రికవరీ ట్రయల్ వాళ్ళకి ఈ ఓపిక లేదు. ఫారం పొట్టిగా పెట్టారు, రోగి 28వ రోజుకి బతికున్నాడా లేదా చూశారు. 2020 మార్చిలో మొదలెట్టి, వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మూడోవంతు చావులు తగ్గిస్తుందని జూన్‌లోనే చెప్పేశారు. ఏం తొందర! (పొడుగు ఫారాలు చేసే పెద్దలకీ ఓ మాట: అన్ని పేజీలు నింపుతూ కూర్చుంటే సిస్టర్ సెలైన్ ఎప్పుడు మారుస్తుంది?) మనకి 28వ రోజుతో పనిలేదు. "విశాఖకు రెఫర్" అని రాశామా, ఆ మనిషి కథ అక్కడితో సమాప్తం.

ఫారం తప్పదంటే మేమూ ఒకటి ప్రతిపాదిస్తున్నాం. ఒకే గడి. అందులో మన డాక్టర్లు రోజూ రాసే "సీఎస్టీ", అంటే నిన్నటి మందులే ఇవాళా, ముందే అచ్చయి ఉంటుంది. కింద సంతకం పెడితే చాలు. సంతకం కూడా అచ్చువేయిస్తే ఇంకా మంచిది.