చేతికందే ఆర్కిడ్‌కు కాపలా

చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే నక్కతోక ఆర్కిడ్ ఏడాదిలో ఎక్కువ కాలం ఎవరి కంటా పడదు. వేసవి ముదిరాక మాత్రం గులాబీ చుక్కల తెల్లపూలు ఒత్తుగా గుత్తిగట్టి, పూలజడలా కిందికి వేలాడతాయి. విశాఖ నుంచి అనంతగిరి, అరకు వైపు వెళ్లేవారి చూపు అప్పుడే దానిమీద పడుతుంది. చెయ్యీ అప్పుడే పడుతుంది. వేరు మట్టిలో లేదు గనుక తవ్వే పని లేదు. బెరడు నుంచి ఒలిచి సంచిలో వేసుకుంటే సరిపోతుంది.

చెట్టు మీద పెరిగే ప్రతి మొక్కనూ బదనిక అనేయడం మనకు అలవాటు. ఆ పేరు ఆర్కిడ్‌లకు చాలా చెరుపు చేసింది. అసలు బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది. ఆర్కిడ్‌కు చెట్టు ఆసరా మాత్రమే. వాననీరు, గాలిలోని తేమ దానికి చాలు. చెట్టును పీడించే మొక్కను తీసేస్తున్నామని నమ్మేవారికి తాము తప్పు చేస్తున్నామనే తోచదు.

ఒక కాయలో ధూళిలాంటి గింజలు లక్షల్లో ఉన్నా, వాటిలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే గింజ మొలుస్తుంది. ఆ మొలక పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. పూసిన మొక్కనే ఏరి పట్టుకుపోతే అడవిలో మిగిలేవి గింజ కట్టని పిల్ల మొక్కలు. అందుకే దొంగచాటు సేకరణ ముప్పును అంచనా వేసేటప్పుడు మొక్కల లెక్క ఒక్కటే తీస్తే మోసపోతాం. పూతకొచ్చినవి ఎన్ని, అవి రోడ్డుకు ఎన్ని అడుగుల దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయి, కొనేవారు ఎవరు, ఎంత ధర ఇస్తున్నారు, నర్సరీలో పెంచిన మొక్క ఆ గిరాకీని తీర్చగలదా అన్నవన్నీ చూడాలి. లోయలో వంద మొక్కలున్న జాతికన్నా రోడ్డు మలుపు దగ్గర వెయ్యి ఉన్న జాతికే ఎక్కువ ముప్పు ఉండవచ్చు. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ చెట్లను ఎలా కూల్చిందో చూశాం. చెట్టు పడితే దానిపై మొక్కా పడుతుంది. అలాంటి దెబ్బ తిన్నచోట కొద్దిపాటి సేకరణనైనా మిగిలిన మొక్కలు తట్టుకోలేవు.

చట్టం లేదని చెప్పలేం. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా మొక్క తేవడం నేరం. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైటిస్ పరిధిలో ఉంది. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో మొక్కలకు చోటిచ్చినప్పుడు ఆ జాబితాకెక్కినవి ఆరే. అప్పటి ఆ ఆరింటిలో నక్కతోక లేదు. జీవవైవిధ్య చట్టం 38వ సెక్షన్ కింద, అంతరించే ప్రమాదమున్న జాతుల సేకరణను రాష్ట్రంతో సంప్రదించి కేంద్రం నియంత్రించవచ్చు. అందుకు ఆధారం కావలసినది ఇలాంటి అంచనాయే.

ఆ అంచనా కోసం సర్వే చేసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. వియత్నాంలో ఒక స్లిప్పర్ ఆర్కిడ్ 1999లో శాస్త్రలోకానికి పరిచయమైంది. సేకర్తలు ఎగబడటంతో కొద్ది ఏళ్లకే అడవిలో దాదాపు కనుమరుగైంది. మొక్క ఉన్న చోటును బయటపెట్టే నివేదిక దొంగకు దారి చూపినట్టే. సర్వే ఫలితాలను ప్రకటించండి, కచ్చితమైన స్థలాలను మాత్రం అటవీశాఖ దగ్గరే ఉంచండి. పూల ఫొటోలు పంచుకునే ప్రకృతి ప్రేమికులకూ మా విన్నపం ఇదే: కొండ పేరు, మలుపు గుర్తు రాయకండి.

ఏ చెట్టు మీద ఏ నెలలో ఏది పూస్తుందో గిరిజన గ్రామాలవారికి తెలుసు. వారిని అనుమానితుల్లా చూడకుండా, కూలి ఇచ్చి సర్వేలో భాగస్వాములను చేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం, అటవీశాఖ, స్థానిక జీవవైవిధ్య కమిటీలు కలిసి కంబాలకొండ, అనంతగిరి మార్గాలతో పని మొదలుపెట్టాలని కోరుతున్నాం. వచ్చే వేసవి పూతకు ముందే మొదటి విడత పూర్తి కావాలి. పూత సమయంలో ఏ మలుపు దగ్గర కాపలా పెట్టాలో అప్పుడే తెలుస్తుంది.