ఆనింగ్ బిగుసుకుపోతే మొత్తం మార్చేయాలా?

క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) పక్కన రాడ్డుతో తిప్పి తెరిచే గుడ్డ పందిరే ఆనింగ్. అది బిగుసుకుపోయిందని మన వాళ్ళలో ఎవరికి చెప్పినా రెండే సలహాలు. "గట్టిగా తిప్పు, అదే వస్తుంది" ఒకటి. "డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టు" ఇంకొకటి. వర్క్‌షాపుకి వెళ్తే మూడోది కూడా దొరుకుతుంది: "మొత్తం మార్చేయాలి." ఈ మూడింటి మీదా నాకు ఒళ్ళు మండిపోయి ఉంది, కాబట్టి పోస్టు పెద్దదే అవుతుంది. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

ముందు పహిల్వాన్ల సంగతి. రాడ్డు తగిలించి తిప్పితే ఆ తిప్పుడే పందిరిని బయటికి తోస్తుందని చాలామంది అనుకుంటారు. తోసేది అది కాదండీ. ఆనింగ్ పెట్టెలో మడుచుకుని ఉన్న రెండు లోహపు చేతుల్లో స్ప్రింగులుంటాయి, తోసేవి అవి. మన గేరు పనల్లా గొట్టానికి చుట్టిన గుడ్డని కొంచెం కొంచెంగా వదలడమే. సంక్రాంతికి చరఖా పట్టుకున్నవాడు దారం వదులుతాడు, లాగేది పైనున్న గాలిపటం. గాలిపటం లాగకపోతే ఎంత దారం వదిలినా కాళ్ళ దగ్గర కుప్పపడుతుంది, అంతే కదా? ఇదీ అంతే. గుడ్డ ముందు అంచుకి ఉండే ముందుపట్టీ రబ్బరుకి మట్టి పట్టి పెట్టెకి అతుక్కుపోతే, మనం తిప్పేకొద్దీ గుడ్డ వదులై వేలాడుతుంది. అప్పుడు చేయాల్సింది తిప్పడం ఆపి, ఇద్దరు నిలబడి పట్టీని రెండువైపులా సమంగా, మెల్లగా లాగడం. ఆపకుండా తిప్పితే గొట్టం ఖాళీ అయిపోయి గుడ్డ తిరగేసి చుట్టుకోవడం మొదలవుతుంది. ఇక ఆ తర్వాత మూయడానికి తిప్పితే తెరుచుకుంటుంది, తెరవడానికి తిప్పితే మూసుకుంటుంది. అప్పటికీ బలప్రయోగం మానని వాడికి గేరు పళ్ళు అరిగిపోతాయి. రాడ్డు హాయిగా తిరుగుతూ గుడ్డ మాత్రం కదలడం లేదంటే చాలావరకు ఆ పళ్ళ పని అయిపోయినట్టే.

మాది వేరే రోగం. మేముండేది మ్యూనిక్‌లో, వేసవి వస్తే క్రొయేషియా తీరానికి పోతాం. రాడ్డు మొదటి చుట్టుకే మొండికేసింది. వర్క్‌షాపాయన కింద నిలబడి పైకి చూశాడు. నిచ్చెన వేయలేదు, పక్క మూత విప్పలేదు. మొత్తం మార్చాలి, వెయ్యి యూరోల పైమాటే, కూలీ వేరే అన్నాడు. అదే విజయవాడ ఆటోనగర్‌లో అయితే "ముందు విప్పి చూద్దాం సార్" అనే మాటైనా వచ్చేది. గంటకి ఇంత అని తీసుకునే దేశంలో విప్పి చూడటం వాళ్ళకి గిట్టుబాటు కాదట. సరే, నేనే విప్పాను. గేరు పెట్టెలో స్టీలు కడ్డీ చుట్టూ తెల్లటి పొడి సిమెంటులా గట్టిపడి ఉంది. స్టీలూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీళ్ళు తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది. అలా పుట్టిన పొడి ఉబ్బి సందు మూసేస్తుంది. గుడ్డ బాగుంది, చేతులు బాగున్నాయి, పోయింది అరచేతిలో పట్టే ఒక్క గేరు పెట్టె. అది విడిగా అమ్ముతారు! ఫియామా, థ్యూలే లాంటి కంపెనీల ఆనింగులకి ఏ ముక్క ఎక్కడుంటుందో చూపించే బొమ్మలు నెట్‌లోనే దొరుకుతాయి. మొత్తం మార్చే ఖర్చులో దీని ధర పదో వంతు కూడా లేదు.

విప్పేవాళ్ళకి ఒక్క హెచ్చరిక, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మూసి ఉన్న ఆనింగులో ఆ స్ప్రింగుల్ని ఆపి ఉంచేది ఈ గేరే. ముందుపట్టీని రాట్చెట్ బెల్టులతో (సామాను కట్టే, లాగి బిగించే పట్టాలు) బిగించి కట్టకుండా గేరు తీశారో, చేతులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఎదురుగా ఉన్నవాడి పళ్ళు రాలతాయి. చేతుల్ని విప్పే సాహసం అసలు వద్దు.

ఇక డబ్ల్యూడీ-40 భక్తులు. 1953లో నీటిని తరిమి తుప్పు ఆపడానికి తయారైన స్ప్రే అది, అట్లాస్ క్షిపణి ఒంటికి పూసింది. ఆ పనికి మంచిదే. కానీ ఇక్కడ కొడితే రెండు రోజులు హాయిగా తిరుగుతుంది, ఈలోపు లోపలున్న గ్రీజు కరిగిపోతుంది. చేతుల కీళ్ళకి ఆరిపోయే రకం సిలికాన్ స్ప్రే చాలు. గ్రీజు పూస్తే ఇసుకంతా దానికే అంటుకుంటుంది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, గుడ్డ ఆరాకే చుట్టండి, లేదంటే బూజు.

ఇంకో మంట కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ 2024లో రిపేరు హక్కు చట్టం తెచ్చింది. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, ఫోన్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆనింగ్ లేదు. చిన్న వస్తువని వదిలేశారేమో గానీ, బిల్లు మాత్రం ఫ్రిజ్ కన్నా పెద్దదే వేస్తున్నారు.

మ్యూనిక్ చుట్టుపక్కల ఎవరిదైనా బిగుసుకుపోయి ఉంటే చెప్పండి. బెల్టులు, నిచ్చెన, టార్క్స్ సెట్టు (నక్షత్రం గాడి స్క్రూలు విప్పేవి) నా దగ్గరున్నాయి. వాన లేని శనివారం చూసుకుని రండి. మీతో పాటు ఇంకో మనిషిని తెచ్చుకోండి, పట్టీ పట్టుకోవడానికి ఇద్దరు కావాలి.