కాచినా పోని ఫ్లోరిన్

ప్రపంచంలో జనం దేనివల్ల జబ్బు పడుతున్నారో, దేనివల్ల ఆయుష్షు తీరకుండానే పోతున్నారో కూడి చెప్పే పెద్ద పద్దు ఒకటుంది. పేరు గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్. సియాటిల్‌లో తయారై లాన్సెట్‌లో అచ్చవుతుంది. 2021 సంవత్సరానికి వేసిన లెక్కలో 204 దేశాలున్నాయి, 88 ముప్పు కారకాలున్నాయి. బీపీ, పొగాకు, గాలి కాలుష్యం, ఉప్పు, సీసం, ఆఖరికి ఎండ, చలి కూడా ఉన్నాయి. ఎముకలు బిగుసుకుపోయేలా చేసే, మా జనం ఫ్లోరిన్ అని పిలిచే నీళ్లలోని ఫ్లోరైడ్ మాత్రం లేదు.

నీళ్లకూ ఒక వరుస ఉందిలెండి. అది ముఖ్యంగా లెక్కగట్టేది విరేచనాలను. నీళ్లు కాచుకుని తాగే ఇల్లు ఆ పద్దులో ముప్పు తగ్గిన ఇల్లు. ఒంగోలుకు పడమట మా కనిగిరి, పొదిలి వైపు ఏ పెద్దమ్మనడిగినా చెబుతుంది, ఫ్లోరిన్ నీళ్లు కాచితే బాగుపడవని. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది.

ప్రపంచానికంతా ఒకే కొలబద్ద ఉండాలని, ఎక్కడో ఒక మూలనున్న బాధ అందులో కనిపించకపోవడం సహజమేనని నిపుణులంటారు. కావచ్చు. మా కోపం సియాటిల్ మీద కాదు. ఇక్కడ రాయని చావు అక్కడెలా కనిపిస్తుంది?

పంచాయతీలో మరణ నమోదు ఎలా జరుగుతుందో చూడండి. పదేళ్లుగా నడుం వంగి, మెడ తిరగక, కర్ర లేనిదే గడప దాటలేని మనిషి ఒకరోజు మంచంలోనే పోతాడు. కొడుకు ఆధార్ జిరాక్సు పట్టుకుని సచివాలయానికి వెళ్తాడు. కారణం అనే గడి దగ్గర ‘వృద్ధాప్యం’ అనో ‘గుండెపోటు’ అనో పడుతుంది. ఆ వృద్ధుడికి యాభై అయిదేళ్లు! బోరు నీళ్ల సంగతి అడిగేవారుండరు, చెప్పినా రాయడానికి గడి లేదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యపరంగా కారణం ధ్రువపడినవి 22.5 శాతమే. మిగతావాటిని అంచనాలతో పూడ్చుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) భాగస్వామిగా 2017లో వెలువడిన రాష్ట్రాలవారీ జబ్బుల భారం లెక్కలూ ఈ పద్ధతిలోనివే. ఆ పట్టికలు చూసే ప్రాధాన్యాలు, వాటి వెనకే నిధులు. మన గడి ఖాళీగా ఉంటే మన వంతూ ఖాళీయే.

ఇది కొత్తగా బయటపడ్డ జబ్బా అంటే అదీ కాదు. 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఈ నెల్లూరు ప్రాంతంలోనే, ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి వైద్య పత్రికలో రాసింది. దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ ఫ్లోరైడ్ జబ్బు మనుషుల్లో బయటపడ్డ చరిత్ర మొదలైంది మన గడ్డ మీదే. 1970లో కనిగిరి, పొదిలి వైపు కూడా కలిపి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత కూడా జిల్లాల గీతలు చెరిపి గీస్తూనే ఉన్నారు. గీతల మీద ఉన్న శ్రద్ధ గడి మీద లేదు.

పైగా హితబోధలు! ఉప్పు తగ్గించండి, నడవండి, పొగ మానండి అని శిబిరాల్లో చెబుతారు. మోకాలు వంగని మనిషిని నడవమంటారు. బీడీ మానడం మనిషి చేతిలో ఉంది, సరే. తాగే నీళ్లు అతని అలవాటు కాదు కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి ప్రభుత్వానిదే. దాటిన బోరును మూయించాల్సిందీ, బదులు నీళ్లివ్వాల్సిందీ ప్రభుత్వమే. ఇచ్చేదాకా కూలి డబ్బుల్లోంచి ఇరవై లీటర్ల డబ్బా కొనేది మాత్రం జనం.

ప్రతి సచివాలయంలో కంప్యూటర్ ఉంది, ప్రతి ఊరికీ ఆశా కార్యకర్త ఉంది. ఇంట్లో పోయిన ప్రతి మనిషి గురించీ కుటుంబాన్ని కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడగడానికి, తాగిన బోరు పరీక్ష ఫలితాన్ని ఆ కాగితానికి జతచేయడానికి వెలిగొండ ప్రాజెక్టు సొరంగం తవ్వనక్కర్లేదు. దీనికీ శంకుస్థాపన శిలాఫలకం వేస్తే తప్ప కదలరా?