అరబ్బులను దూరం చేసుకున్నది ఇస్తాంబులే

1916 మే 6న డమాస్కస్ మర్జె కూడలిలో ఉరితీసిన వారిలో అబ్దుల్ హమీద్ అల్ జహ్రావీ ఒకరు. హోమ్స్ పట్టణానికి చెందిన ఈయన, ఇస్తాంబుల్ రాజధానిగా ఉన్న ఒట్టోమన్ (తుర్కు) సామ్రాజ్యపు సెనేట్ సభ్యుడు. తన పెద్దల సభలో కూర్చోబెట్టుకున్న మనిషినే ఆ ప్రభుత్వం దేశద్రోహి అని నడిబజారులో చంపింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బులు ఆ సామ్రాజ్యానికి వెన్నుపోటు పొడిచారని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు. తిరగబడిన అరబ్బులకు బ్రిటన్ బంగారం, తుపాకులు ఇచ్చిన మాట నిజమే. కానీ జహ్రావీ జీవితం చూస్తే ఆ వాదన నిలబడదు.

1913 జూన్‌లో పారిస్‌లో జరిగిన అరబ్ మహాసభకు అధ్యక్షుడు ఆయనే. ముస్లింలు, క్రైస్తవులు కలిసి కూర్చున్న ఆ సభ అడిగిందేమిటి? విడిపోతామని కాదు. మా ప్రాంతాల్లో అరబిక్ అధికార భాష కావాలి, రాష్ట్రాలకు అధికారాలివ్వాలి, పాలనలో మాకూ వాటా కావాలి. అంతే. అప్పటికే బాల్కన్ యుద్ధంలో సామ్రాజ్యపు యూరప్ భూభాగం దాదాపు అంతా పోయింది. అరబ్బులను కలుపుకుపోవడానికి ఇస్తాంబుల్‌కు అంతకన్నా మంచి అవకాశం ఇంకేముంటుంది? మొదట కొన్ని హామీలిచ్చారు, జహ్రావీకి సెనేట్ పదవి కూడా ఇచ్చారు. అసలు డిమాండ్లలో చాలావాటిని మాత్రం నీరుగార్చారు.

యుద్ధం వచ్చాక సిరియా ఒట్టోమన్ సేనాని జమాల్ పాషా చేతుల్లోకి వెళ్లింది. బీరూట్‌లోని ఫ్రెంచ్ కాన్సులేట్‌లో దొరికిన కాగితాలు ఆయనకు ఆయుధమయ్యాయి. కొందరు ఫ్రాన్స్ సాయం కోరిన మాట వాస్తవమే. అయితే స్వయంపాలన కోరిన వారినీ, విదేశీ శక్తులతో చేయి కలిపిన వారినీ ఒకే గాటన కట్టేశారు. 1915 ఆగస్టులో బీరూట్‌లో మొదటి విడత ఉరిశిక్షలు, మరుసటి ఏడాది మేలో డమాస్కస్, బీరూట్‌లలో రెండో విడత. అదే కాలంలో మిడతల దండు, సముద్ర దిగ్బంధం, సైన్యం ధాన్యం లాక్కోవడం కలిసి లెబనాన్ కొండల్లో జనాన్ని ఆకలితో చంపుతున్నాయి. కడుపు మాడుతున్న ఊళ్లకు పెద్దల ఉరి వార్త చేరితే, ఆ ప్రభుత్వం మీద ఇంకేం నమ్మకం మిగులుతుంది?

రెండో విడత ఉరిశిక్షలు జరిగి నెల తిరగ్గానే మక్కా ఉన్న హిజాజ్ ప్రాంతంలో, మక్కా పాలకుడు షరీఫ్ హుస్సేన్ తిరుగుబాటు మొదలైంది. ఆయన బ్రిటన్‌తో ఏడాదిగా ఉత్తరాలు నడుపుతున్నారు కాబట్టి తిరుగుబాటుకు ఉరికొయ్యలే మూలమని అనలేం. కానీ అవి మనసులు మార్చాయి. జాఫర్ అల్ అస్కరీనే చూడండి. బాగ్దాద్‌కు చెందిన ఈ ఒట్టోమన్ అధికారి లిబియా సరిహద్దులో బ్రిటిష్ సైన్యంతో పోరాడి, గాయపడి పట్టుబడ్డాడు. కైరోలో బందీగా ఉండగా ఈ ఉరిశిక్షల సంగతి తెలిసింది. ఆ తర్వాతే ఆయన హుస్సేన్ కొడుకు ఫైసల్ సైన్యంలో చేరాడు. అంతవరకూ సుల్తాన్ కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడిన సైనికుడాయన.